కైఫీయతుల వెంట – 9: మెకంజీ పుట్టిన ఊరు

గత భాగంలో కావలి వెంకట బొర్రయ్య 1803లో, ముప్పై ఏళ్లైనా నిండకుండానే కన్నుమూయడం దగ్గర ఆగాం. ఏలూరు నుంచి వచ్చిన ఆ యువకుడు శాసనాలకు నకళ్లు తీసి, కరణాల చేత, పూజారుల చేత, ముసలివాళ్ల చేత ఊరి పుట్టుపూర్వోత్తరాలు చెప్పించి కైఫీయతులుగా ఎలా రాయించాడో చూశాం. తనకు భారతీయ విజ్ఞానం తలుపులు తెరుచుకున్నది బొర్రయ్య వచ్చాకేనని కల్నల్ కాలిన్ మెకంజీ తర్వాత తానే రాసుకున్నాడు. తమ్ముడు లక్ష్మయ్య ఆ పనిని భుజాన వేసుకున్న కథ చెప్పుకోవాలి. దానికి ముందు ఈ ఒక్క విడతకు తెలుగు నేల దాటి వెళ్దాం. మన ఊళ్ల చరిత్ర అడిగి రాయించుకున్న మనిషి ఏ ఊరివాడు? ఆ ఊరి చరిత్రను ఎవరు అడిగారు? అక్కడి వస్తువులు ఎవరి చేతుల్లోకి పోయాయి?

సముద్రం అవతలి రేవు

స్కాట్లండ్ వాయవ్య తీరంలో ఉల్లపూల్ అనే చిన్న రేవు ఉంది. అక్కడ ఓడ ఎక్కి రెండున్నర గంటలకు పైగా పడమటికి పోతే లూయిస్ దీవి వస్తుంది. ఆ దీవికి ముఖ్యపట్టణం స్టోర్నొవే. జనాభా ఏడెనిమిది వేలు, మన లెక్కలో ఒక మోస్తరు మండల కేంద్రం. చుట్టూ చెట్టులేని బీడు నేల, చిత్తడి, గాలి. ఇళ్లలో మాట్లాడుకునే పాత భాష గేలిక్. వేసవిలో రాత్రి పది దాటినా వెలుగు పోదు, చలికాలంలో మధ్యాహ్నం నాలుగింటికే చీకటి పడుతుంది. ఆదివారమంటే దైవప్రార్థనకే అని పట్టుబట్టిన క్రైస్తవ నిష్ఠ ఇక్కడిది. ఆ రోజున ఉల్లపూల్ ఓడ నడవడం మొదలైంది 2009లోనే.

కాలిన్ మెకంజీ ఇక్కడ 1754 ప్రాంతంలో పుట్టాడు. తండ్రి మర్డో వర్తకుడు, ఊరికి మొదటి పోస్ట్‌మాస్టర్. దీవి మొత్తం అప్పట్లో మెకంజీ వంశానికే చెందిన సీఫోర్త్ ప్రభువుల సొత్తు. పేరులో వంశం ఉన్నా చేతిలో నేల లేని మెకంజీలు వందల మంది ఉండేవారు. కాలిన్ ఆ కోవలోవాడే. యౌవనంలో ఈ రేవులోనే సుంకాల కచేరీలో కంట్రోలరుగా పనిచేశాడు. ఏ ఓడలో ఏం వచ్చింది, ఎన్ని పీపాలు, ఎవరి పేరిట అని నమోదు చేసే ఉద్యోగం అది. తర్వాతి రోజుల్లో పల్లె పల్లెకూ పట్టీ తయారుచేయించిన చెయ్యికి మొదటి సాధన ఇక్కడే దొరికి ఉంటుందనుకోవచ్చు.

చదువు మీద యావ ఉన్నవాడు. లాగరిథమ్స్ కనిపెట్టిన జాన్ నేపియర్ జీవితచరిత్ర రాయించాలనుకున్న నేపియర్ ప్రభువుకు సాయపడుతూ, హిందువుల గణితం గురించి తెలుసుకోవాలని ఆశపడ్డాడు. సీఫోర్త్ అండతో ఈస్టిండియా కంపెనీలో సైనికోద్యోగం దొరికింది. 1783లో మద్రాసు చేరాడు. మదురైలో ఉన్న నేపియర్ కూతురు హెస్టర్ జాన్‌స్టన్ అక్కడి పండితులతో పరిచయం చేయించింది. ఆ తర్వాతి ముప్పై ఎనిమిదేళ్లూ యుద్ధాలు, సర్వేలు, సేకరణ. 1815లో భారతదేశానికి మొట్టమొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1821 మే 8న కలకత్తా దగ్గర హుగ్లీ నది మీద పోయాడు. సమాధి కలకత్తా పార్క్ స్ట్రీట్ శ్మశానంలో ఉంది. స్టోర్నొవేని మళ్లీ చూడనే లేదు.

ఊరిని అడిగిన మొదటివాడు

లూయిస్‌కు వెళ్లిన యాత్రికులు తప్పకుండా చూసేది కాలనిష్ శిలావృత్తం. స్టోర్నొవే నుంచి పడమటి తీరానికి పాతిక కిలోమీటర్ల ప్రయాణం. పదమూడు నిలువు రాళ్లు వలయంగా నిలబడి ఉంటాయి. నడిమధ్యన దాదాపు అయిదు మీటర్ల ఎత్తున ఒక రాయి ఒంటరిగా ఉంటుంది. వలయం నుంచి ఉత్తరంగా రెండు వరసల రాళ్ల బాట, మిగిలిన మూడు దిక్కులకూ ఒక్కో వరస సాగుతాయి. మొత్తం యాభై రాళ్ల దాకా ఉన్నాయి. నిలబెట్టి సుమారు అయిదు వేల ఏళ్లయింది. ఇంగ్లండులోని స్టోన్‌హెంజ్ పెద్ద రాళ్లకన్నా ఇవి ముందువి. ఆ రాయి వయసు ఇంకా విడ్డూరం. లూయిసియన్ నైస్ అనే ఈ శిల భూమి మీది అతి పాత రాళ్లలో ఒకటి, కొన్ని చోట్ల మూడు వందల కోట్ల ఏళ్లనాటిది.

ఈ రాళ్లు ఎందుకున్నాయని ఊరివాళ్లను అడిగి రాసినవాడు మార్టిన్ మార్టిన్. పొరుగున ఉన్న స్కై దీవివాడు, గేలిక్ మాతృభాషగా పెరిగినవాడు. 1690లలో పడమటి దీవులన్నీ తిరిగి, జనం ఏం తింటారు, ఏ రోగానికి ఏ మందు వాడతారు, ఏ గుట్ట గురించి ఏం చెప్పుకుంటారు అని అడిగి, 1703లో పుస్తకం అచ్చువేశాడు. కాలనిష్ రాళ్లు క్రైస్తవానికి ముందటి కాలంలో పూజ జరిగిన చోటని పెద్దలు చెప్పగా విన్నామని ఊరివాళ్లు అతనికి చెప్పారు. ఊరి జ్ఞాపకాన్ని ఊరి నోటనే అడిగి కాగితం మీద పెట్టడం ఈ దీవుల్లో మెకంజీ పుట్టడానికి యాభై ఏళ్ల ముందే జరిగింది. మన కైఫీయతుల పద్ధతి అదే. ఒక్క తేడా ఉంది. మార్టిన్‌కు ఆ భాష వచ్చు, కాబట్టి దుభాషీ అక్కరలేకపోయింది. మెకంజీకి తెలుగు రాదు, తమిళం, కన్నడం, మరాఠీ కూడా రావు. అతనికి కావలి సోదరులు కావలసివచ్చింది.

మార్టిన్ చూసినప్పుడు రాళ్లు సగం పూడి ఉన్నాయి. దీవి అంతటా వేల ఏళ్లుగా కుళ్లిన నాచు, గడ్డి పొరలు పేరుకుని పీట్ అనే నల్లమట్టిగా మారుతుంది. జనం దాన్ని ఇటుకల్లా కోసి ఎండబెట్టి పొయ్యిలో కాలుస్తారు. కాలనిష్ రాళ్ల మొదళ్లలో ఆ మట్టి మీటరున్నర మందాన పేరుకుపోయింది. 1857లో దాన్ని తవ్వించి తీయించేసరికి మధ్యలో ఒక చిన్న సమాధి గది బయటపడింది. తవ్వించినవాడు అప్పటి దీవి యజమాని సర్ జేమ్స్ మాథెసన్. అతని సంగతి కాసేపట్లో వస్తుంది.

దంతపు రాజులు

1831లో దీవి పడమటి అంచున యూయిగ్ ఇసుకదిబ్బల్లో ఒక నిధి దొరికింది. బంగారం కాదు, చదరంగపు పావులు. వాల్రస్ దంతంలో చెక్కినవే ఎక్కువ, కొన్ని తిమింగలం పంటితో చేసినవి. 78 చదరంగపు పావులు, మరో ఆటకు వాడే 14 బిళ్లలు, నడికట్టుకు పెట్టుకునే కొక్కెం ఒకటి, మొత్తం 93. పన్నెండో శతాబ్దంలో, బహుశా నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో చెక్కి ఉంటారని పండితుల మాట. అప్పట్లో ఈ దీవులు నార్వే రాజు ఏలుబడిలో ఉండేవి. స్కాట్లండ్ చేతికి వచ్చింది 1266లో. వర్తకుడెవరో దాచిపెట్టి మళ్లీ రాలేకపోయాడేమోనని ఒక ఊహ.

ఈ పావుల్ని చూసినవాళ్లు వాటి ముఖాలు మరిచిపోరు. రాణులు చెంపకు చెయ్యి చేర్చి, ఏదో చెడ్డ కబురు విన్నట్టు కూర్చుని ఉంటారు. రాజుల ఒడిలో అడ్డంగా కత్తి. రథం స్థానంలో కాపలా సిపాయిలున్నారు. వాళ్లలో కొందరు యుద్ధావేశంలో తమ డాళ్లనే కొరుకుతుంటారు. మన దేశంలో పుట్టిన చతురంగం పర్షియా, అరబ్బు దేశాల మీదుగా ఉత్తర సముద్రం దాకా వెళ్లేసరికి మంత్రి రాణి అయ్యాడు, ఏనుగు కిరీటం పెట్టుకున్న బిషప్ అయింది. ఆ మార్పులు రెండూ పూర్తయిన రూపం ఈ పావుల్లో కనిపిస్తుంది.

దొరికిన ఏడాదిలోపే అవి దీవి దాటిపోయాయి. స్టోర్నొవే వర్తకుడు ఒకడు ఎడిన్‌బరోకు తీసుకెళ్లి అమ్మాడు. చేతులు మారి చివరకు 82 లండన్ బ్రిటిష్ మ్యూజియానికి, 11 ఎడిన్‌బరో మ్యూజియానికి చేరాయి. ఇవిగాక మరికొన్ని ఎక్కడో ఉండాలని చాలాకాలంగా అనుమానం ఉండేది. 1964లో ఎడిన్‌బరోలో ఒక పాతసామాన్ల వర్తకుడు అయిదు పౌండ్లకు కొన్న చిన్న బొమ్మ, అతని వారసుల సొరుగులో ఏళ్ల తరబడి పడి ఉండి, ఆ సిపాయిల్లో ఒకటని 2019లో తేలింది. లండన్ వేలంలో అది 7,35,000 పౌండ్లు పలికింది.

పావులు దొరికిన దీవిలో మాత్రం నూటఎనభై ఏళ్లకు పైగా వాటికి స్థిరమైన చోటు లేకపోయింది.

నల్లమందు డబ్బుతో కోట

స్టోర్నొవే రేవులో దిగగానే ఎదురుగా, నీటికి అవతల చెట్ల మధ్య బురుజులతో ఒక కోట కనిపిస్తుంది. చెట్టు మొలవని దీవిలో ఆ అడవి మనిషి పెంచిందే. మట్టి తెప్పించి మరీ వేయించారు. లూస్ కాజిల్ అనే ఆ కోట యుద్ధాలు చూసింది కాదు, ఆ మాటకొస్తే వయసూ తక్కువే. ఊరి పాత కోటను 1653 ప్రాంతంలో క్రాంవెల్ సైన్యం కూల్చింది. దాని శిథిలాలు ఇప్పటి రేవు కట్ట కింద ఉన్నాయి.

కొత్త కోట కట్టించింది పైన చెప్పిన జేమ్స్ మాథెసన్. కాంటన్‌లో 1832లో మొదలైన జార్డిన్ మాథెసన్ కంపెనీ భాగస్వామి. ఆ కంపెనీ ప్రధాన సరుకు నల్లమందు. బీహారు, మాళవ పొలాల్లో పండిన గసగసాల నుంచి తీసిన మందును చైనాకు దొంగచాటుగా చేరవేసి సంపాదించిన సొమ్మది. చైనా అడ్డుకుంటే బ్రిటన్ యుద్ధమే చేసింది. ఆ యుద్ధం ముగిసిన రెండేళ్లకు, 1844లో, అప్పుల్లో ఉన్న సీఫోర్త్ వారసుల దగ్గర మాథెసన్ 1,90,000 పౌండ్లకు దీవిని మొత్తంగా కొన్నాడు.

అతన్ని ఒక్క మాటలో మంచివాడనో చెడ్డవాడనో తేల్చలేం. 1846లో బంగాళాదుంప పంట కుళ్లి కరువొస్తే ధాన్యం తెప్పించాడు, రోడ్లు వేయించి కూలి చూపించాడు. అదే మనిషి 1851 నుంచి నాలుగైదేళ్లలో, బకాయిలు కట్టలేని రెండు వేలమందికి పైగా రైతుల్ని కెనడా ఓడలెక్కించాడు. అతని దివాను డొనాల్డ్ మన్రో జులుం మాటల్లో చెప్పలేనిది. 1874లో బెర్నెరా అనే చిన్న దీవి రైతులు పశువుల మేత నేల కోసం అతనికి ఎదురుతిరిగారు. కోర్టు వాళ్ల పక్షానే తీర్పు చెప్పింది. స్కాట్లండ్ కౌలురైతుల ఉద్యమంలో అది తొలి గెలుపుగా చెప్పుకుంటారు.

ఆ రైతులు ఎలా బతికారో చూడాలంటే కోటకు కాదు, పడమటి తీరాన ఆర్నల్ అనే ఊరికి వెళ్లాలి. అక్కడ 42వ నంబరు ఇల్లు ఉన్నదున్నట్టు కాపాడారు. రెండు వరసల రాతిగోడ, మధ్యలో మట్టి కూరిక, పైన గడ్డి కప్పు, గాలికి లేవకుండా తాళ్లకు వేలాడే రాళ్లు. పొగగొట్టం లేదు. ఇంటి నడుమ పీట్ నిప్పు ఆరకుండా రాజుకుంటూ ఉంటుంది. మనుషులు ఒక కొసన, పశువులు మరో కొసన, అందరికీ కప్పు ఒక్కటే. 1966 దాకా అందులో కాపురమున్నారు.

గుమ్మం ముందు మునిగిన ఓడ

మొదటి ప్రపంచయుద్ధానికి ఈ దీవి నుంచి వేలమంది వెళ్లారు, దాదాపు వెయ్యిమంది తిరిగి రాలేదు. యుద్ధం ముగిశాక, 1918 డిసెంబరు 31 రాత్రి, నౌకాదళంలో పనిచేసిన దీవివాసుల్ని ఎక్కించుకుని ఐయోలేర్ అనే ఓడ బయలుదేరింది. ఇళ్లలో పొయ్యి మీద ఎసరు పెట్టి, ఆరేసిన పొడి బట్టలు సిద్ధం చేసి కొత్త సంవత్సరం కోసం ఎదురుచూస్తున్నారు. తెల్లవారుజామున రెండింటి ప్రాంతంలో, స్టోర్నొవే దీపాలు కంటికి కనిపిస్తుండగా, రేవు ముఖద్వారం దగ్గరున్న హోమ్ బండల్ని ఓడ ఢీకొంది. ఒడ్డు కొన్ని గజాల దూరమే. 280 మంది దాకా ఉన్న ఓడలో 201 మంది చనిపోయారు. నెస్ ప్రాంతపు జాన్ మక్లౌడ్ అనే పడవలు కట్టే మనిషి తాడు పట్టుకుని అలల్లో ఈది ఒడ్డు చేరాడు. ఆ తాడు పట్టుకుని నలభైమంది వరకు బయటపడ్డారు.

ఓడ దారి ఎందుకు తప్పిందో విచారణలో తేలలేదు. ఊళ్లలో మాత్రం దీని గురించి రెండు తరాలు నోరు విప్పలేదు. బతికొచ్చినవాళ్లు తమ పిల్లలకు కూడా చెప్పుకోలేదు. హోమ్ దగ్గర స్మారకం నిలబెట్టింది 1958లో. నూరేళ్ల సందర్భంలో రేవు ఒడ్డున కొయ్య స్తంభాలతో ఓడ ఆకారాన్ని నిలిపారు. ఊరి చరిత్రలో రాతకెక్కనిది ఏమిటో తెలియాలంటే ఇక్కడ నిలబడాలి. కైఫీయతు రాసుకోవడానికి ఎవరైనా 1930లో వచ్చి అడిగి ఉంటే, ఈ దీవి తన అతి పెద్ద దుఃఖాన్ని చెప్పి ఉండేది కాదు. మన కైఫీయతులు చదివేటప్పుడూ ఈ సంగతి గుర్తుంచుకోవాలి. కరణం చెప్పినదే బొర్రయ్య మనుషులు రాశారు. ఊరు చెప్పకుండా దాచుకున్నది ఆ కాగితాల్లో ఉండదు.

ఊరి పేరిట పట్టా

ఓడ మునిగేనాటికి దీవి యజమాని మారాడు. 1918లో కొన్నది లెవర్‌హ్యూమ్ ప్రభువు, సన్‌లైట్, లైఫ్‌బాయ్ సబ్బుల లెవర్. చేపల పరిశ్రమ పెట్టి స్టోర్నొవేని పెద్ద నగరం చేస్తానన్నాడు. యుద్ధం నుంచి వచ్చిన కుర్రవాళ్లకు కావలసింది ఫ్యాక్టరీ ఉద్యోగం కాదు, తమకంటూ నాలుగెకరాల నేల. ప్రభుత్వం మాట ఇచ్చింది అదే. కోల్, గ్రెస్ పొలాల్లోకి చొరబడి పాక వేసుకున్నారు. ఇరుపక్షాలూ పట్టు విడవలేదు. చివరకు 1923లో లెవర్‌హ్యూమ్ దీవిని జనానికే ఊరికే ఇస్తానన్నాడు. పల్లె ప్రాంతాలవాళ్లు భయపడి వద్దన్నారు. స్టోర్నొవే ఒప్పుకుంది. అలా పుట్టింది స్టోర్నొవే ట్రస్టు. ఊరివాళ్లు ఓట్లేసి ఎన్నుకునే ధర్మకర్తల చేతిలో వేలాది ఎకరాలు, ఆ కోటతో సహా. బ్రిటన్‌లో ఒక ఊరి సముదాయం తన నేలకు తానే యజమాని అయిన తొలి పెద్ద ఉదాహరణ ఇది.

కోట కొన్నాళ్లు యుద్ధకాలపు ఆసుపత్రి, కొన్నాళ్లు కాలేజీ. తర్వాత ఖాళీగా పాడుబడింది. బాగుచేయించి, పక్కనే కొత్త భవనం చేర్చి 2016లో దీవుల మ్యూజియం, రికార్డుల భాండారం తెరిచారు. దంతపు పావుల్లో ఆరింటిని బ్రిటిష్ మ్యూజియం దీర్ఘకాలపు అప్పుగా ఇక్కడికి పంపింది. 93లో ఆరే, అదీ అప్పుగానే. అయినా పిల్లలు గాజు వెనక ఇప్పుడు చూస్తున్నది అసలు రాణినే.

మరుసటి ఏడాది, 2017లో, అదే మ్యూజియంలో ఊరి కొడుకు మెకంజీ మీద ప్రదర్శన పెట్టారు. దక్షిణ భారతంలో అతను పోగుచేసిన వస్తువులు, బొమ్మలు లండన్ సంస్థల నుంచి వచ్చాయి. మెకంజీ ఊరు విడిచిన రెండువందల ముప్పై ఏళ్లకు అతని పెట్టెల్లోంచి కొన్ని వస్తువులు ఊరు చూశాయి.

ఎవరి గదిలో ఎవరి చరిత్ర

మెకంజీ పోయాక అతని సేకరణను ఈస్టిండియా కంపెనీ 10,000 పౌండ్లకు కొంది. విల్సన్ అనే పండితుడు 1828లో వేసిన జాబితా ప్రకారం శాసనాల నకళ్లే 8,076. ఊళ్ల వృత్తాంతాలు 2,070, బొమ్మలు 2,630, నాణేలు 6,218. అందులో అమరావతి బొమ్మలూ ఉన్నాయి. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడి మనుషులు ఇటుకల కోసం తవ్వుతున్న స్తూపాన్ని మెకంజీ 1797లో చూశాడు. 1816లో చిత్రకారులతో తిరిగి వచ్చి గీయించాడు. అతను గీయించిన శిల్పాల్లో కొన్ని తర్వాత మాయమయ్యాయి. వాటికి ఆ గీతలే ఇప్పుడు మిగిలిన ఆధారం. తర్వాత 1845లో మరో స్కాట్లండ్ మనిషి వాల్టర్ ఎలియట్ తవ్వించిన ఫలకాలు మద్రాసు చేరి, అక్కడి నుంచి 1859లో లండన్‌కు ఓడెక్కాయి. లండన్‌లో అమరావతి శిల్పాలూ యూయిగ్ పావులూ ఒకే మ్యూజియం కప్పు కింద ఉన్నాయి. కృష్ణ ఒడ్డు శిల్పం వెళ్లిన దారిలోనే సర్వేయర్ సొంత దీవి బొమ్మ కూడా వెళ్లింది. ఒక దాన్ని తీసుకెళ్లింది వలస ప్రభుత్వం, రెండో దాన్ని తీసుకెళ్లింది సంత. రెండూ ఒకటి కావు. కాని ఫలితం ఊరి గుమ్మంలో నిలబడి చూస్తే ఒకటే: వస్తువు డబ్బూ ఓడలూ ఉన్న చోటికి పోయింది.

స్టోర్నొవే అనుభవంలో మనకు పనికొచ్చే పాఠం ఒకటుంది. పావులు వెనక్కి రావాలని దీవివాళ్లు దశాబ్దాలుగా అడిగారు. అడిగినంత మాత్రాన రాలేదు. వాటిని ఉంచే గది, చూసుకునే మనుషులు, ఆ గదికి యజమాని అయిన ఊరు ఏర్పడ్డాకే, ఆరైనా వచ్చాయి. మన కైఫీయతుల విషయంలోనూ జరిగింది అదే. మద్రాసుకు తిరిగొచ్చి శిథిలమవుతున్న కాగితాలకు సి.పి. బ్రౌన్ మళ్లీ నకళ్లు రాయించాడు. ఆ బ్రౌన్ కడపలో నివసించిన స్థలంలో తెలుగువాళ్లు చందాలు పోగుచేసి గ్రంథాలయం కట్టారు. కడప జిల్లా కైఫీయతులు సంపుటాలుగా అచ్చయింది ఆ గ్రంథాలయం నుంచే. అమరావతి శిల్పాలు వెనక్కి ఇవ్వాలని అడగడం న్యాయమే. ఆ మాట బలంగా వినిపించాలంటే, స్తూపం పక్కనున్న మ్యూజియంలో ఇప్పటికే ఉన్న ఫలకాల్ని ఎంత శ్రద్ధగా చూసుకుంటున్నామో ముందు చూపించుకోవాలి.

ఇక మళ్లీ మద్రాసుకు వద్దాం. దొర పోయాడు, పెట్టెలు కలకత్తాలో ఉన్నాయి. ఇరవై ఏళ్లకు పైగా ఆ పని చేసిన లక్ష్మయ్య, మిగిలిన సేకరణ తానే పూర్తిచేస్తానని ముందుకొచ్చాడు. ఒక భారతీయుడికి అంత పని అప్పగించవచ్చా అని కలకత్తా పండితసభ తర్జనభర్జన పడింది. వాళ్లు ఇచ్చిన జవాబు, దానికి లక్ష్మయ్య చేసిన ప్రయత్నాలు వచ్చే భాగంలో.

(సశేషం)